పాత్రను బోనెక్కించే ముందు

తెలుగు పరీక్ష రాసినవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్ళే: ‘ఫలానా పాత్ర స్వభావాన్ని సొంతమాటల్లో రాయండి.’ అడిగేది సొంతమాటలనే గానీ, జవాబులన్నీ గైడులోంచి దిగుతాయి. దయగలవాడు, సహనశీలి, ఆడినమాట తప్పనివాడు, స్వార్థపరుడు. మాటకో మార్కు. నేనూ అలాగే రాసి పాసయ్యాను. తర్వాత పాఠం చెప్పే రోజుల్లో పిల్లలచేత అలాగే రాయించాను కూడా. కాబట్టి ముద్దాయిల జాబితాలో ముందు నా పేరే వేసుకోవచ్చు.

బడి వదిలినా ఆ అలవాటు వదలదు. కథాసంకలనం చేతబట్టుకున్న పెద్దవాళ్ళూ, సభల్లో మాట్లాడే విమర్శకులూ, వారపత్రికలకు ఉత్తరాలు రాసే పాఠకులూ కథ ముగియగానే తీర్పు చెప్పడానికి కూర్చుంటారు. ఆమె అలా చెయ్యకుండా ఉండాల్సింది. అసలు వాడు మనిషేనా. తల్లి అంటే అలా ఉండాలి. తెలుగు కథకు నూరేళ్ళు దాటిపోయాయి. ఈ నూరేళ్ళలో మనం కథల్లో మనుషుల్ని ఏ కొలతతో కొలిచాం, ఆ కొలపాత్రకు చిల్లి ఎక్కడుంది అన్నది ఒకసారి చూడదగిన సంగతి.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. పాత్ర చేసిన పని గురించి మనం అడిగేవి నిజానికి మూడు ప్రశ్నలు. మూడింటినీ కలగాపులగం చేసి ఒకటే అనుకుంటాం. ‘ఇలా చెయ్యొచ్చా?’ అన్నది ధర్మం సంగతి. ‘ఈ మనిషి ఇలా చేస్తాడా?’ అన్నది అల్లిక సంగతి. పాతవాళ్ళు దీన్ని ఔచిత్యం అన్నారు. 11వ శతాబ్దంలో కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు దాని మీద ‘ఔచిత్య విచార చర్చ’ అని ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. ఇక ‘ఇంకోటి చేసే వీలు అతనికి ఉందా?’ అన్నది లోకం సంగతి. మొదటిదానికి జవాబు నోటి చివరే ఉంటుంది, అందుకే అందరం అక్కడ ఆగిపోతాం. మూడోదానికి జవాబు చెప్పాలంటే ఆ కాలంలో కూలి ఎంత, వడ్డీ ఎంత, ఆస్తి ఎవరి పేరున ఉంది, ఆడమనిషి ఒంటరిగా గుమ్మం దాటితే తలదాచుకునే చోటేది, ఇవన్నీ తెలియాలి. అంత ఓపిక ఎవరికుంది?

మన తొలి కథలు ఈ ఓపికను అడగలేదు. భండారు అచ్చమాంబ 1902లో రాసిన ‘ధన త్రయోదశి’లో పేద భర్త పండగపూట తనది కాని సొమ్ము ఇంటికి తెస్తాడు. భార్య ఆ డబ్బు ముట్టదు, నచ్చజెప్పి తిరిగి ఇప్పిస్తుంది. ఆమె మంచిది, అతను తప్పుదారి పట్టి దారికొచ్చినవాడు. కథే తీర్పు చెప్పేసింది, పాఠకుడికి తలూపడం తప్ప పనిలేదు. ఆ రోజుల్లో ఒక ఆడమనిషి కలం పట్టి, ఇంట్లో నీతికి పెద్దదిక్కు ఇల్లాలే అని చూపించడమే పెద్ద సంగతి. దాన్ని తక్కువ చెయ్యను. కానీ పాత్ర ఎంపికలో పెనుగులాట ఎక్కడా తగలదు.

ఎనిమిదేళ్ళకు వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ దగ్గర పరిస్థితి మారింది. సానివాళ్ళ పాటలకు మరిగిన గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాడు. భార్య కమలిని కనబడదు, ఉత్తరం ఒకటి కనబడుతుంది. ఆమె మంచం కింద దాక్కుని ఉందని మనకు చివర్లో గాని తెలియదు. ఈ కథ మీద తరతరాలుగా నడిచిన తీర్పు ఒకటే: చదువుకున్న భార్య తెలివిగా భర్తను దిద్దింది. కమలినికి మార్కులు, గోపాలరావుకు మందలింపు, మనకు నవ్వు.

కథ మళ్ళీ చదవండి. భార్య లేదని తెలిసిన కంగారులో గోపాలరావు పనివాడు రాముణ్ణి వీపు మీద గుద్దుతాడు. ఆ వెంటనే జాలిపడతాడు, తప్పు చేశానంటాడు. పాటకచేరీకి వెళ్ళడం అతని లోపమని ప్రతి పాఠ్యపుస్తకమూ చెప్పింది. రాముడి వీపు సంగతి ఎవరూ లెక్కలో వెయ్యలేదు. ఆడవాళ్ళ చదువు మీద అంత గొప్పగా మాట్లాడే సంస్కర్త చెయ్యి నౌకరు మీదికి ఎంత సులువుగా లేచిందో గురజాడ చూపించాడు. చూపించి, ఏ వ్యాఖ్యా లేకుండా ముందుకు పోయాడు. మనమూ ముందుకు పోయాం. గోపాలరావు దిద్దుకోవలసినవి రెండైతే, కమలిని దిద్దింది ఒకటే. రెండోదాన్ని దిద్దేవాళ్ళు ఆ ఇంట్లో లేరు, తరగతి గదిలోనూ లేరు. మన తీర్పులో మొదటి చిల్లి ఇదే: కథ దీపం ఎక్కడ పెడితే అక్కడే చూస్తాం, చీకట్లో పడిన దెబ్బ మనకు పట్టదు.

పాలగుమ్మి పద్మరాజు ఈ అలవాటును ఎరిగినవాడిలా ‘గాలివాన’ రాశాడు. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిన కథ కాబట్టి పేరు తెలియనివాళ్ళు తక్కువ. చదివినవాళ్ళు అందులో సగం ఉంటారేమో. రావుగారు నియమనిష్ఠల మనిషి. ఉపన్యాసం ఇవ్వడానికి రైలెక్కుతాడు. పెట్టెలో అడుక్కునే ఆమెను చీదరించుకుంటాడు. రాత్రి తుపాను. చిన్న స్టేషనులో, ఊడిపోతున్న తలుపుల మధ్య, భయంతో వణికే పెద్దమనిషికి ఆసరా అయింది ఆ ముష్టిమనిషి ఒంటి వెచ్చదనమే. తెల్లారేసరికి ఆమె కూలిన గది కింద చచ్చిపడి ఉంది. ఒక చేతిలో అతని పర్సు, ఇంకో చేతిలో టిక్కెట్ల డబ్బు.

ఇప్పుడు చెప్పండి, ఆమె దొంగా? నేను పిల్లల్ని అడిగితే క్లాసు రెండుగా చీలిపోయేది. దొంగే అనేవాళ్ళ దగ్గర రుజువు చేతిలోనే ఉంది. కాదనేవాళ్ళ దగ్గర ఆ రాత్రి ఉంది. అసలు కిటుకు ఏమిటంటే, పద్మరాజు ఆ ప్రశ్నను ఆమె మీద ఉంచలేదు, రావుగారి చేతికిచ్చాడు. అతను టిక్కెట్ల డబ్బు తీసి సొరుగులో పెట్టేస్తాడు. పర్సు మాత్రం ఆమె దగ్గరే వదిలేస్తాడు, తన ఆనవాళ్ళు తీసేసుకుని. ఆ చివరి పని నన్ను చాలాకాలం వేధించింది. మనసు కరిగినవాడు పేరు ఎందుకు తీసేసుకున్నాడు? ఆమెకు దొంగపేరు రాకూడదనా, తనకు మాట రాకూడదనా? రెండూ అని ఇప్పుడు అనుకుంటున్నాను. మనుషులు మారేటప్పుడు కూడా జేబు చూసుకునే మారతారు. కథలో మనిషి నిజమనిపించేది సరిగ్గా ఆ చోటే. రావుగారు ఊరంతటికీ చెప్పి, సన్యాసం పుచ్చుకుని ఉంటే ధర్మప్రశ్న తేలిపోయేది, ఔచిత్యం చచ్చేది.

అదే రచయిత ‘పడవ ప్రయాణం’లో రంగిని నిలబెట్టాడు. పద్దాలు తాగుబోతు, దొంగ, ఆమెను కొట్టినవాడు, వేరే ఆడదాన్ని చేరదీసినవాడు. అలాంటివాడి దొంగతనానికి తోడుగా నిలిచి తానొక్కతే పట్టుబడుతుంది రంగి. నేటి పాఠకులు, ముఖ్యంగా చదువుకున్న ఆడపిల్లలు, ఈ కథకు భగ్గుమంటారు. తన్నేవాణ్ణి వెనకేసుకొచ్చే ఆడదాన్ని గొప్ప ప్రేమికురాలిగా చూపిస్తారా అని. వాళ్ళ కోపంలో న్యాయముంది. అయితే కోపపడవలసింది రంగి మీదా, ఆమె కథ విని మైమరచిన పడవ ప్రయాణికుడి మీదా అన్నది తేల్చుకోవాలి. కథ చెబుతున్నది ఆ పెద్దమనిషి. రంగి ప్రేమను అతను చూశాడు, ఆమె ఒంటి మీది దెబ్బల్ని ఆ ప్రేమకు అలంకారంగా చూశాడు. పాత్ర మీద తీర్పు చెప్పే ముందు సాక్షికి అడ్డప్రశ్నలు వెయ్యాలి. మన విమర్శ ఈ పని అరుదుగా చేసింది. బుచ్చిబాబు కథ ‘నన్ను గురించి కథ వ్రాయవూ?’ పేరులోనే ఆ కథలోని కుముదం ఈ పని కొంత చేసింది. ఆమెలో కథకు పనికొచ్చేదేమీ లేదనుకునే రచయితను అలా అడగడమంటే, చూడ్డం నీకు వచ్చా అని అడగడమే కదా.

విజయనగరం చాసో దగ్గరికి వచ్చేసరికి మనలాంటి తీర్పరులకు ఊపిరాడదు. చాగంటి సోమయాజులు పాత్రల్ని పొగడడు, తిట్టడు, సానుభూతి కూడా చెంచాతో కొలిచి వేస్తాడు. ‘ఎంపు’లో అడుక్కునే పిల్ల మనసుపడింది కుంటివాడి మీద. తండ్రి చూపించింది గుడ్డివాణ్ణి, వాడికి ముష్టి ఎక్కువ దొరుకుతుంది కాబట్టి. పిల్ల చివరికి తండ్రి మాటే వింటుంది. ఈ కథ చదివి నవ్వేవాళ్ళు పెళ్ళిచూపుల్లో జీతం, ఇల్లు, పొలం వాకబు చేసినవాళ్ళే. చాసో పేరు సరిగ్గా పెట్టాడు. అది ఎంపు. కులంలో పెద్దింటి సంబంధానికి వాడే తూకమే, రాళ్ళు మాత్రం చిన్నవి.

‘ఏలూరెళ్ళాలి’ ఇంకా గట్టి పరీక్ష. ముసలి భర్త, పడుచు భార్య, దగ్గర్లో ఒక కుర్ర విద్యార్థి. ఏళ్ళ తర్వాత అతను రైల్లో ఆమెను మళ్ళీ కలిస్తే తెలుస్తుంది: ఆమె కొడుకు అతని కొడుకే, ఆ కొడుకు ఆమెకు కావలసి వచ్చింది ఆస్తిలో నిలదొక్కుకోవడానికి. ఆమెను జారిణి అన్నవాళ్ళున్నారు, విప్లవకారిణి అన్నవాళ్ళూ ఉన్నారు. రెండూ తొందరపాటు మాటలే. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు భర్త ఆస్తి మీద వితంతువుకు సంపూర్ణ హక్కు లేదు. పిల్లలు లేని పడుచు విధవ అంటే దాయాదుల దయ మీద బతకాల్సిన మనిషి. ఆ సంగతి తెలియకుండా ఆమె శీలం మీద చర్చ పెట్టడం, పత్రాలు చూడకుండా పొలం తగాదా తీర్చడం లాంటిది. చాసో ఆమెకు పశ్చాత్తాపం పెట్టలేదు. ఆమె మాటల్లో ఒక గృహిణి లెక్క ఉంది, పద్దు సరిపోయిన ఊరట ఉంది. మనకు ఇబ్బంది కలిగించేది ఆమె చేసిన పనికంటే, ఏడవకుండా చెప్పడమే.

‘వాయులీనం’లో ఎవరూ తప్పు చెయ్యలేదు. అందుకే అది అన్నిటికంటే కష్టమైన కథ. భార్య జబ్బుపడింది. చిన్ననాడు నేర్చిన ఫిడేలు ఇంట్లో మూలన ఉంది. భర్త దాన్ని అమ్మి మందులకు సరిపెట్టాడు, మిగిలిన డబ్బుతో ఆమెకు చీర కూడా తెచ్చాడు. చెడ్డవాడని అనడానికి లేదు, మంచివాడని పూర్తిగా నోరు రాదు. ప్రాణం ముందా, ఫిడేలు ముందా? ప్రాణమే. ఆ మాట ఆమెను అడిగి ఉంటే ఆమే చెప్పేదేమో. అడగలేదు. నాలుగు విశేషణాల జవాబుకు లొంగనిది ఈ కథ. పిల్లలు ‘భార్యను ప్రేమించేవాడు’ అని రాస్తే మార్కు వెయ్యక తప్పదు, వేస్తే చెయ్యి వణుకుతుంది.

కోర్టులో అసలు తీర్పులు చూసి వచ్చినవాడు రావిశాస్త్రి. విశాఖలో ప్లీడరు. మద్యనిషేధం అమల్లో ఉన్న కాలంలో సారా కేసులు ఎలా పుట్టేవో, ఎవరిని బోనెక్కించి ఎవరిని వదిలేసేవాళ్ళో దగ్గరగా చూశాడు. ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’లో కుర్ర ప్లీడరు మూర్తికి ముత్యాలమ్మ దొరుకుతుంది. ఆమె గోడు వెళ్ళబోసుకోదు, లోకం ఎలా నడుస్తోందో అతనికి విప్పి చెబుతుంది. చట్టం ప్రకారం ఆమె నేరస్థురాలు, కథ ప్రకారం మూర్తికి మేష్టరు. రావిశాస్త్రి తటస్థుడు కాడు. రచయిత తన రాతవల్ల చెడుకు మేలు, మంచికి కీడు జరుగుతుందేమో చూసుకోవాలని గట్టిగా నమ్మినవాడు. ఆ నమ్మకం కొన్నిచోట్ల పాత్రల్ని బొమ్మలుగా కూడా చేసిందని నా అభిప్రాయం. ఆయన పోలీసుల్లో, షావుకార్లలో కొందరు పుట్టుకతోనే దోషులు. ముత్యాలమ్మకు ఇచ్చిన వెసులుబాటు వాళ్ళకు దొరకదు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల్లో తోటి ఖైదీలను రాశాడు. తీర్పు ముందే పడిపోయిన మనుషులు వాళ్ళు. ఇక చూడవలసింది మనిషినే.

అన్ని దార్లూ కలిసే చోటు కాళీపట్నం రామారావు (కారా) ‘యజ్ఞం’. 1964లో రాసిన కథ. ఆ కథ ఉన్న ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సుందరపాలెంలో ఏళ్ళ తరబడి నలుగుతున్న అప్పు తగువు. ఇచ్చినవాడు గోపన్న, తీసుకున్నవాడు అప్పల్రాముడు, తీర్పరి శ్రీరాములు నాయుడు. అప్పల్రాముడు చివరికి ఒప్పుకుంటాడు, కాగితం రాయబోతుండగా కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను నరికి గోనెలో తెస్తాడు. బిడ్డ పాలేరుగా బతకకూడదని.

ఆ ముగింపు మీద దశాబ్దాలుగా జరిగిన వాదనకు లెక్కలేదు. తండ్రి అలా చేస్తాడా అన్నారు కొందరు, ఔచిత్యం ఎత్తి. అలా చెయ్యొచ్చా అన్నారు ఇంకొందరు, ధర్మం ఎత్తి. పోరాడక బిడ్డను చంపడమేమిటని రాజకీయం ఎత్తినవాళ్ళున్నారు. అందరి చూపూ ఆ గోనె మీదే. నా ఫిర్యాదు అదే. ఆ గోనెకు ముందు కథలో ఎంపికలు మూడున్నాయి. నాయుడుది మొదటిది. అతను దుర్మార్గుడు కాడు, ఊరికి మేలు చేసినవాడు, ఇరుపక్షాల మాటా ఓపికగా వింటాడు. కాగితం మీద అతని తీర్పులో తప్పు పట్టలేం. రెండోది అప్పల్రాముడిది. మాటకు కట్టుబడే మనిషి. పరీక్షలో అది మంచిగుణం కింద రాస్తాం. అదే మంచిగుణం మనవడి మెడకు తాడవుతోంది. మూడోది గోపన్నది. అతను సైతం ఒకనాటి కలిమి చెడి ఆ డబ్బు అవసరమైన స్థితిలో ఉన్నాడు. ముగ్గురూ తమతమ చోట న్యాయంగానే నడిచారు. ఆ న్యాయాలన్నీ కలిసి నాలుగోవాడి చేతిలో కత్తి పెట్టాయి. కారా కథనమంతా పంచాయితీ చుట్టూ అంత నిదానంగా ఎందుకు తిప్పాడో అప్పుడు అర్థమవుతుంది. ఆ పేజీలు విసుగని దాటేసినవాళ్ళకు చివరి పేజీ ఒట్టి బీభత్సమే.

అలాగని సీతారాముణ్ణి నిర్దోషి అనలేను. ఆ బిడ్డ బతుకు ఆ బిడ్డది. పరిస్థితి అనే మాటను మరీ సాగదీస్తే ప్రతి పాత్రా గాలికి కొట్టుకుపోయే ఆకైపోతుంది. అభ్యుదయ విమర్శలో ఒక పాయ ఈ పొరపాటు చేసింది. పేదవాడు చేసిందంతా వ్యవస్థ ఖాతాలో వేసి, మనిషికి మిగిలిన చిటికెడు స్వేచ్ఛను కూడా లాగేసుకుంది. అది దయ కాదు. చాసో ముష్టిపిల్లకు తూకం వేసుకునే బుద్ధి ఇచ్చాడే, ఆ మర్యాద కూడా ఇవ్వకపోవడం.

ఆడవాళ్ళ విషయంలో మన కొలత మొదటినుంచీ వేరు. మగవాడి ఎంపికకు కారణాలు వెతుకుతాం, ఆడదాని ఎంపికకు శీలపరీక్ష పెడతాం. చలం కథల మీద వచ్చిన తిట్లన్నీ పోగేస్తే, అందులో పాత్రల గురించి ఉన్నది పిసరంత, తమ ఇళ్ళలో ఆడవాళ్ళ గురించిన భయం పుట్టెడు. శ్రీపాద ‘అరికాళ్ళ కింద మంటలు’లో బాలవితంతువు రుక్మిణి రాత్రివేళ ఇల్లు వదిలి రాజమండ్రిలో వీరేశలింగంగారి చోటుకు బయలుదేరితే మనం మెచ్చుకున్నాం. వెళ్ళడానికి ఒక చోటుంది కనుకా, ఆ చోటు మర్యాదైనది కనుకా. చోటు లేనివాళ్ళు గుమ్మం దాటడాన్ని అలా మెచ్చుకోలేదు.

ఈ పరీక్షనే బోనెక్కించింది ఓల్గా. ‘విముక్త’ సంపుటిలోని ‘మృణ్మయనాదం’లో అహల్య, సీతతో మాట్లాడుతుంది. వచ్చినవాడు ఇంద్రుడని అహల్యకు తెలుసా, తెలియదా? వేల ఏళ్ళుగా పండితులూ పామరులూ వాదించుకున్న ప్రశ్న. ఓల్గా అహల్య దానికి జవాబు చెప్పడం మీద కాకుండా, అడిగే హక్కు ఎవరిచ్చారన్న దాని మీద నిలబడుతుంది. విచారణకు ఒప్పుకోవద్దని సీతకు చెబుతుంది. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పుస్తకమిది. పురాణపాత్రల్ని తిరగరాయడం అందరికీ నచ్చకపోవచ్చు. నాకైతే ఆ కథల్లో సంభాషణ కొన్నిచోట్ల ఉపన్యాసమనిపిస్తుంది. కానీ పాత్రను తూచే పాఠకుడి అధికారాన్నే ఇంత సూటిగా అడిగిన కథలు మనకు తక్కువ.

పత్రికల్లో వారం వారం వచ్చే కథల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వృద్ధాశ్రమం గేటు దగ్గర తల్లి, డాలర్లు పంపి చేతులు దులుపుకునే కొడుకు, అసలు దోషి కోడలు. అక్కడ పాత్రలు కథలోకి రాకముందే శిక్షపడి వస్తాయి. అమెరికాలో స్థిరపడిన మన రచయితలు కొందరు అదే కథను విమానానికి అవతలి వైపునుంచి రాశారు: సెలవు దొరకని కొడుకు, వీసా కాగితాలు, రమ్మన్నా ఇమడలేని తల్లి. అవి చదివాక మొదటి రకం కథ మళ్ళీ నమ్మడం కష్టం.

పాఠ్యపుస్తకాలు తయారుచేసేవాళ్ళకూ, ప్రశ్నపత్రాలు రాసే మేష్టర్లకూ ఒక విన్నపం. గోపాలరావు స్వభావం వర్ణించమని ఇక అడగకండి. ఈసారి ఇలా అడిగి చూడండి: ‘ఆ రాత్రి రాముడి వీపు మీద పడిన గుద్దుల సంగతి తెల్లారాక ఆ ఇంట్లో ఎవరు, ఎవరితో మాట్లాడి ఉంటారు?’ దానికి ఏ గైడులోనూ జవాబు లేదు. పిల్లలు ఏం రాస్తే దానికి మార్కులు వెయ్యండి.